నాన్న వడ్ల ధర తగ్గింది, నా బియ్యం సంచి ధర ఎందుకు తగ్గలేదు?

నల్గొండ ఆడపడుచు (డాలస్), నవంబరు 2025

అందరికీ నమస్కారం. బియ్యం వ్యాపారం తెలిసినవాళ్లు ఇక్కడ ఉన్నారని విని అడుగుతున్నాను.

మాది మిర్యాలగూడ దగ్గర పల్లె. నాన్నకు సాగర్ ఎడమ కాలువ కింద మూడెకరాలు. మొంథా తుపాను వాన వెలిసిన వారానికి రెండెకరాల సన్న వడ్లు కోయించి, మిషను నుంచి ట్రాక్టరులోకి, ట్రాక్టరు నుంచి మిల్లుకు తోలారు. క్వింటాలు 2,200 రూపాయలు. రెండేళ్ల కిందట అదే మిల్లు 2,500 ఇచ్చింది. ఎందుకు తగ్గిందని నాన్న అడిగితే గుమస్తా, "ప్రపంచమంతా బియ్యం పడిపోయింది పెద్దాయనా, వార్తలు చూడటం లేదా?" అన్నాడట.

ఆయన ఆ మాట ఫోనులో చెబుతున్నప్పుడు నేను కిరాణా దుకాణం ముందు కారులో ఉన్నాను. వెనక సీటులో అప్పుడే కొన్న 20 పౌన్ల సోనా మసూరి సంచి, 21 డాలర్లు. అంటే తొమ్మిది కిలోలు. ప్రపంచమంతా పడిపోయిన బియ్యం నా కారులోకి వచ్చేసరికి ఎందుకు పడలేదు?

నాకు 2023 జులై గుర్తుంది. భారత్ ఎగుమతి ఆపేసిందన్న వార్త గురువారం వచ్చింది, శుక్రవారం సాయంత్రానికి దుకాణం ముందు వరుస. ఇంటికి ఒక సంచి అని కాగితం అంటించారు. మా ఆయన ఒక వరుసలో, నేను ఒక వరుసలో, పక్కింటి పిల్లవాడిని బతిమాలి మూడో వరుసలో నిలబెట్టి, మూడు దుకాణాలు తిరిగి ఆరు సంచులు తెచ్చాము. మరుసటి వేసవికి వాటిలో రెండింటికి పురుగు పట్టింది. ఆ పురుగులు బట్టల బీరువాలోకి కూడా పాకాయి. వడ్లు పండించే ఇంటి పిల్లను, చాటతో చెరగడం కూడా మరచిపోయి గరాజులో జల్లెడ పట్టుకుని కూర్చున్నాను. అప్పుడు ధర పెరగడానికి ఒక్క రోజు చాలింది. తగ్గడానికి మాత్రం రెండేళ్లు చాలడం లేదు.

ఇంకొక సంగతి. మూడో ఎకరం వడ్లు నాన్న అమ్మలేదు. కల్లంలో ఆరబోసి, 24 క్వింటాళ్లు బస్తాలకెత్తి వసారాలో పేర్చారు. ఉగాది దాకా ఉంచితే ధర వస్తుందా, ఇప్పుడే అమ్మేయాలా? నన్ను అడిగారు. కంప్యూటర్ల ఉద్యోగం చేసే కూతురికి అన్నీ తెలుసని ఆయన నమ్మకం.

ఎడిసన్ గోదాము

న్యూజెర్సీలో బియ్యం దిగుమతి చేసుకునే ఒకరి గోదాములో పదకొండేళ్లుగా పని చేస్తున్నాను. మీ సంచి లెక్క చెబుతాను. అంకెలు గుండ్రంగా వేస్తున్నాను, మా యజమాని లెక్కలు కావు.

పాత సన్న బియ్యం మన రేవులో టన్ను 900 డాలర్లు అనుకోండి. తొమ్మిది కిలోల సంచికి 8 డాలర్ల 20 సెంట్లు అయింది. 2025 ఆగస్టు 27 నుంచి అమెరికా భారతదేశపు సరుకు మీద 50 శాతం సుంకం వేసింది కదా, 4 డాలర్ల 10 సెంట్లు. కంటైనరులో 20 టన్నులు పట్టి, కిరాయి 4,000 డాలర్లయితే సంచికి 1 డాలరు 80. ఇక్కడికే 14 దాటింది. తరువాత రేవు ఖర్చులు, మా గోదాము, డాలస్ దాకా లారీ, దుకాణం అద్దె, అందరి లాభం. 21 డాలర్లకు అమ్మేవాడు దొంగేమీ కాదు.

ఇప్పుడు నాన్నగారి వైపు నుంచి చూడండి. క్వింటాలు వడ్లకు 300 తగ్గింది. అందులో 60 కిలోల మంచి బియ్యం వచ్చాయనుకుంటే కిలోకు 5 రూపాయలు. మీ సంచికి 45 రూపాయలు, అంటే అర డాలరు. ఆ అర డాలరు మొత్తం మీ చేతికి అందినా 21 కాస్తా ఇరవైన్నర అవుతుంది. మీకు కనపడదు కూడా.

2023 సంగతి మాత్రం మీరన్నది నిజం. నిషేధం వచ్చిన వారం మా గోదాములో ఉన్నదంతా పాత ధరకు వచ్చిన సరుకే.

నల్గొండ ఆడపడుచు

అర డాలరా! నాన్నకు ఆ 300 రెండెకరాల మీద 15 వేల రూపాయలకు దగ్గరగా పోయింది. నా వైపు అది అర డాలరు. ఈ లెక్క ఆయనకు చెప్పాలో వద్దో తెలియడం లేదు.

అయినా గుమస్తా మాట అబద్ధమా? ప్రపంచ ధర పడిపోయిందని నేనూ చదివాను.

కాకినాడ పాత రేవు

అమ్మాయీ, గుమస్తా అబద్ధం చెప్పలేదు. నిజాన్నే తప్పు చోట వాడాడు.

నేను కాకినాడలో బియ్యం సర్వేయరుగా 31 ఏళ్లు పని చేసి మానుకున్నాను. సర్వేయరంటే భూమి కొలిచేవాడు కాదు. ఓడకెక్కే బస్తాలోకి ఇనుప గొట్టం గుచ్చి గింజలు లాగి, పళ్లెంలో పోసి, నూక ఎంత, రంగు మారిన గింజ ఎంత, రాయి ఎంత అని విడదీసి తూచేవాడు. మీరు వార్తల్లో చదివే "5 శాతం బియ్యం" అదే. నూరు గింజలకు అయిదు విరిగినవి అని స్థూలంగా చెప్పుకోవచ్చు. 25 శాతం రకం వేరు, దాని ధర వేరు. సెనెగల్ వాళ్లయితే నూరు శాతం నూకే అడుగుతారు, వాళ్ల వంటకు నూకే రుచి. మన ఇళ్లలో కోళ్లకు వేసేది అక్కడ విందు భోజనం. మొదటిసారి విన్నప్పుడు నేను నమ్మలేదు.

కాకినాడలో పెద్ద ఓడలన్నీ గట్టుకు రావు, సముద్రంలో లంగరు వేసి నిలబడతాయి. హమాలీలు బస్తాలు పడవలకెక్కిస్తే పడవలు ఓడ దగ్గరకు పోతాయి. ఆకాశం నల్లబడితే చాలు, ఓడ కడుపు మీద మూతలు వేసేసి అందరూ చేతులు కట్టుకుని కూర్చోవాలి. ఒక చినుకు పడితే బస్తా ముక్కిపోతుంది, ఓడ ఆగితే రోజుకు ఇంతని జరిమానా. ఇలా నా కళ్లముందు పోయిన బియ్యంలో ఎక్కువ భాగం ఉప్పుడు బియ్యం. బెనిన్, టోగో, ఐవరీ కోస్ట్ వైపు. బెనిన్‌కు దిగినదంతా బెనిన్‌లో తింటారనుకోకండి, పక్కనున్న నైజీరియాకు దొంగదారిన పోయేది చాలా ఉంటుంది. అది రేవులో అందరికీ తెలిసిన రహస్యమే.

2024 మొదట్లో థాయి బియ్యం టన్ను 650 డాలర్ల పైన ఉండేది, 2025 నవంబరుకు 400 కంటే తక్కువకు దిగింది. గుమస్తా విన్న వార్త ఇదే. కానీ ఈ ధర దొడ్డు రకాలది, ఉప్పుడు బియ్యానిది, ఆఫ్రికా రేవుల్లో దిగేదానిది. మీ నాన్న పండించే సన్నం ఆ ఓడ ఎక్కదు. హైదరాబాదు, బెంగళూరు వంటగదుల్లోకి పోతుంది, కొంత మీ డాలస్‌కు వస్తుంది. రెండూ బియ్యమే కాబట్టి ఒక దాని ధర రెండోదాని మీద కొంచెం నీడ వేస్తుంది, అంతే.

అసలు ప్రపంచ ధర అనే మాటే నాకు నవ్వు తెప్పిస్తుంది. ప్రపంచంలో ఏటా 54 కోట్ల టన్నుల బియ్యం వస్తే, దేశాల మధ్య చేతులు మారేది 6 కోట్ల టన్నులు. మిగిలినదంతా పండిన దేశంలోనే పొయ్యి ఎక్కుతుంది. ఆ ఆరు కోట్లలో రెండు కోట్ల టన్నులకు పైగా మనవే. అంత పలచటి చెరువులో మనలాంటి ఏనుగు కాలు పెట్టినా అల్లకల్లోలమే, కాలు తీసినా అల్లకల్లోలమే.

కాలు తీసినప్పుడు ఏమవుతుందో 2008లో చూశాను. ఆ ఏప్రిల్‌లో మనం బాస్మతి కాని బియ్యం ఎగుమతి పూర్తిగా మూసేశాము. వియత్నాం కూడా బిగించింది. ఫిలిప్పీన్స్ భయపడి ఎంత ధరకైనా కొంటామంది. థాయి బియ్యం వెయ్యి డాలర్లు దాటింది. ఆ ఏడాది ప్రపంచంలో పంటేమీ ఎండిపోలేదు, అమ్మేవాళ్లు తలుపులు మూసుకున్నారు, అంతే. ఇక్కడ మాకు మూడేళ్లు పని లేదు. హమాలీలు కొందరు రొయ్యల చెరువులకు పోయారు, నేను ఎరువుల ఓడలు చూసుకుని బతికాను.

2011 సెప్టెంబరులో మళ్లీ తలుపు తీశారు. సరిగ్గా ఆ సమయానికే థాయిలాండులో ఇంగ్లక్ షినవత్ర ప్రభుత్వం ఒక లెక్క వేసింది. రైతు దగ్గర టన్ను వడ్లు 15 వేల బాత్‌లకు కొని గోదాముల్లో దాచేద్దాం, ప్రపంచం మన దగ్గరకు వచ్చి అడిగిన ధర ఇస్తుంది అని. ప్రపంచం కాకినాడకు వచ్చింది. 2012 నాటికి మొదటి స్థానం మనదైంది, వాళ్ల గోదాములు నిండిపోయాయి. ఆమె పదవి పోయింది, కేసు పడింది, 2017లో దేశం వదిలి వెళ్లారు. ఆ నాటి బియ్యంలో మిగిలిన చివరి 15 వేల టన్నుల్లోంచి కొంచెం తీయించి, 2024 మే నెలలో అక్కడి వాణిజ్య మంత్రి విలేకరుల ముందు వండించుకుని తిని చూపించారు. పదేళ్ల పాత బియ్యం! మనవాళ్లు పాత బియ్యం కావాలని అడుగుతారే గాని, మరీ అంత పాతవి కాదు.

ఇప్పుడు ధర పడటానికి కారణం ఆ 2008 సంగతికి తలకిందులు. 2023 జులైలో వేసిన నిషేధం 2024 సెప్టెంబరు చివర తీసేశారు, టన్ను 490 డాలర్లకు తక్కువ అమ్మకూడదన్న నియమం పెట్టి. నెల తిరగకుండా అదీ ఎత్తేశారు. 2025 మార్చిలో నూకకు కూడా గేటు తెరిచారు. అదే సమయంలో కొనేవాళ్లు వెనక్కి తగ్గారు. 2024లో 40 లక్షల టన్నులకు పైగా కొన్న ఇండొనేషియా 2025లో కొనడం మానేసింది. ఫిలిప్పీన్స్ తన రైతుల కోసం సెప్టెంబరు 1 నుంచి దిగుమతి ఆపింది. మొన్న మార్చి చివరే మీ తెలంగాణ ప్రభుత్వం పంపిన 12,500 టన్నులు మా రేవు నుంచి అదే ఫిలిప్పీన్స్‌కు బయలుదేరాయి, జెండా ఊపి పంపారు. అయిదు నెలలు తిరిగేసరికి తలుపు మూసుకుంది. వర్షం లెక్కతో, పంట లెక్కతో ధర చెప్పేవాళ్లను నేను నమ్మను. ఢిల్లీలో, జకార్తాలో, మనీలాలో ఎవరు ఏ కాగితం మీద సంతకం పెట్టబోతున్నారో చెప్పగలిగినవాడే బియ్యం ధర చెప్పగలడు.

ఒసాకా కోడలు

మధ్యలో దూరుతున్నందుకు క్షమించండి. ప్రపంచమంతా బియ్యం పడిపోయిందన్న ఆ గుమస్తాను ఒకసారి ఇక్కడికి పంపండి. మా దగ్గర 5 కిలోల సంచి 2024లో 2 వేల యెన్లు చిల్లర, 2025 మే నెలలో 4,200 దాటింది. అదే నెలలో వ్యవసాయ మంత్రి ఎతో, "నేనెప్పుడూ బియ్యం కొనలేదు, అభిమానులు ఇచ్చినవే ఇంట్లో నిండుగా ఉన్నాయి" అని ఒక పార్టీ సభలో అన్నారు. మూడు రోజుల్లో రాజీనామా చేశారు. కోటాకు మించి బయటి బియ్యం తెస్తే కిలోకు 341 యెన్ల సుంకం, అందుకే మీ చవక మా దాకా రాదు. మా అత్తగారు ఆ వార్త చూస్తూ, బియ్యం డబ్బా మూత తీసి చూసి, మళ్లీ పెట్టేశారు.

మిల్లు వెనక ఇల్లు

ఇంతమంది మిల్లు మీద పడ్డారు కాబట్టి మా వైపు మాట కూడా వినండి. మాది చిన్న మిల్లు, మిర్యాలగూడ ప్రాంతమే. మీ నాన్నగారు అమ్మిన చోటు కాదని ఆశ.

అక్కా, మీ నాన్నగారు తోలినవి పచ్చి వడ్లు. మిషను కోసిన వెంటనే తేమ 25, 26 ఉంటుంది. మొంథా వానకు పడిపోయిన చేను అయితే ఇంకా ఎక్కువ. ఆ క్వింటాలు 17 శాతానికి ఆరేసరికి 89 కిలోలే మిగులుతుంది. ఆరబెట్టే ఖర్చు మాది, పొయ్యిలో ఊక మాది. పడిపోయిన చేనులో గింజకు పగులు ఉంటుంది, మరలో పడితే నూక. నూక ధర బియ్యంలో సగం పలికితే గొప్ప. తవుడు మీద వచ్చేదానితో మేము కరెంటు బిల్లు కట్టుకునేవాళ్లం. 2023 జులైలో నూనె తీసిన తవుడు ఎగుమతి కూడా ఆపేశారు, రెండేళ్లకు పైగా అలాగే ఉంచారు. ఆ నష్టం ఎవరి వడ్ల ధరలోంచి పోతుంది? ఒప్పుకుంటాను, రైతు ధరలోంచే.

తరుగు గురించి అడగలేదు గాని అడుగుతారని తెలుసు. బస్తాకు ఇంత అని కోసేవాళ్లు ఉన్నారు. మేము కోయమని చెబితే మీరు నమ్మరు, కాబట్టి చెప్పను.

వసారాలోని 24 క్వింటాళ్ల మాట వేరు. అవి ఆరిన వడ్లు. ఆ బస్తాలు మిల్లుకు తేవద్దని మిల్లువాడినే చెబుతున్నాను. ప్రభుత్వం తరఫున వడ్లు కొనే ఐకేపీ కేంద్రానికి వేయమనండి. 2025-26 మద్దతు ధర గ్రేడు-ఎ రకానికి 2,389, సన్నాలకు రాష్ట్రం ఇచ్చే బోనస్ 500, కలిపి 2,889. ఇవాళ ఏ మిల్లూ ఆ ధర ఇవ్వదు. బోనస్ ఆలస్యంగా పడవచ్చు, కాంటా కోసం రెండు మూడు రోజులు బస్తాల పక్కన పడుకోవలసి రావచ్చు. అయినా అదే మేలు.

కాకినాడ పాత రేవు

మిల్లు అబ్బాయి తన వ్యాపారానికి ఎదురు సలహా ఇచ్చాడు, దానికి నా నమస్కారం. తరుగు సంగతి దాటేసిన తీరు కూడా బాగుంది.

నాదీ అదే మాట. ఉగాది దాకా ఉంచితే సన్నాలకు కొంచెం పెరగవచ్చు. పాత బియ్యానికి గిరాకీ ఎప్పుడూ ఉంటుంది, ఏడాది మాగిన బియ్యం అన్నం పొడిపొడిగా అవుతుంది. కానీ ఆ పెరుగుదల ఎలుకలకు, పంది కొక్కులకు, వడ్డీకి సరిపోతుంది. అదీ కాక కేంద్ర ప్రభుత్వపు ఎఫ్.సి.ఐ. గోదాములు ఎంత నిండాయంటే, బియ్యాన్ని ఇథనాల్ ఫ్యాక్టరీలకు ఇస్తున్నారు, కార్లలో పోయడానికి. అంత నిల్వ పెట్టుకున్న దేశంలో నాలుగు నెలల్లో ధర ఎగురుతుందని మీ నాన్నను వసారాలో కాపలా పెట్టకండి.

ఒక్క మాట గోదాము తమ్ముడికి. సంచి ధర తగ్గకపోవడానికి సుంకం ఒక్కటే కాదు. మీరు అమ్ముతున్నది పాత బియ్యం, అంటే నిరుటి ధరకు కొన్న వడ్లు. ఈ 2,200 వడ్లు డాలస్‌కు చేరేది వచ్చే ఏడాది చివరకు.

ఎడిసన్ గోదాము

నిజమే, పెద్దాయనా. సంచి మీద ఆ మాట ఎవరూ రాయరు. అప్పటికి సుంకం ఎంత ఉంటుందో ఆ దేవుడికే తెలియాలి.

నల్గొండ ఆడపడుచు

మీ సలహాలన్నీ రాత్రి కాగితం మీద రాసుకుని, ఇవాళ పొద్దున నాన్నకు ఫోను చేశాను. 2,389, 500, ఇథనాల్, ఇండొనేషియా, అన్నీ వరుసగా చెప్పాను. ఆయన చివరిదాకా విని, "మొన్న గురువారమే కేంద్రంలో కాంటా అయింది బిడ్డా, 22 క్వింటాళ్లు వేశాను. రెండు రాత్రులు అక్కడే పడుకున్నాను" అన్నారు. మరి నన్నెందుకు అడిగారంటే, నువ్వేమంటావో చూద్దామని అన్నారు.

మిగిలిన రెండు క్వింటాళ్లు ఇంటికి. వాటిని ఊళ్లో చిన్న మరలో ఆడించి, ఫిబ్రవరిలో అమ్మ ఇక్కడికి వచ్చేటప్పుడు పది కిలోలు పెట్టెలో తెస్తుందట. నా 21 డాలర్ల సంచి కథ విన్నప్పటి నుంచి ఆమెకు అదే పట్టుదల. సంచి కూడా కుట్టేసింది.

ఎడిసన్ గోదాము

తేవద్దని చెప్పండి. నిల్వ గింజలను తినేసే ఖాప్రా పురుగు భయంతో మన దేశం నుంచి ప్రయాణికుల సామానులో బియ్యం రానివ్వరు. మా కంటైనర్లకే ధ్రువపత్రం లేకపోతే కదలనివ్వరు. విమానాశ్రయంలో ఆమె కళ్లముందే చెత్తలో వేస్తారు, చెప్పకుండా తెచ్చినట్టు తేలితే జరిమానా కూడా.

నల్గొండ ఆడపడుచు

అయ్యో. ఆ సంచి మీద నా పేరు కూడా ఎర్రదారంతో కుట్టిందట. ఫిబ్రవరికి ఇంకా మూడు నెలలుంది కదా, నెమ్మదిగా చెబుతాను.